పలకకు చొక్కా

తర్లుపాడు రోడ్డులో, పంచర్ల కొట్టు పక్కన,
నా రేకుల పందిరి కిందికి స్కూటీ దిగి వచ్చిందా పిల్ల.
సచివాలయంలో పనంట. పేరు దిల్షాదు.
చున్నీలో చుట్టి తెచ్చింది దాన్ని,
ఎండ పొడ సోకనివ్వని పురిటి బిడ్డ మాదిరి.

"టాబు తాతా. ఒక మూల పగిలింది.
ఇంకోసారి పడిందంటే నా జీతంలో కోస్తారు.
ఆన్‌లైన్‌లో తెప్పించిన కవరు
మూడు నెలలకే పొక్కులు లేచి రాలిపోయింది.
తోలుతో కుట్టిస్తావా?"

చేతిలోకి తీసుకున్నా.
నల్లగా, నున్నగా, చల్లగా.
మార్కాపురంలో పుట్టినోడికి
ఈ బరువు కొత్తేం కాదు.

మా అమ్మ సంతోషమ్మ ముప్పయ్యేళ్లు
పలకలకు కొయ్యచట్రాలు బిగించింది.
తలంటుకున్నా పోని బూడిదరంగు దుమ్ము,
రాత్రుళ్లు దగ్గు.
ఆమె ఒళ్లోంచి దాటిపోయిన పలకల మీద
యాడెయాడ పిల్లలు ఓనమాలు దిద్దారో!
మా గుడిసెలోకి పగిలిన ముక్కలే వచ్చేవి.
వాటి మీద నేను
చెప్పుల అడుగులు గీసుకునేవాణ్ణి.

"ఇదీ పలకే కదమ్మా" అన్నా.
"పలకే తాతా,
కాకపోతే ఉమ్మి పెట్టి చెరిపితే పోదు" అని నవ్వింది.

జాన పెట్టి కొలిచా.
పొడుగు జానా వేలెడు.
వెడల్పు జానకు మూడేళ్లు తక్కువ.
మందం? ఒక చెప్పు పట్టెడు, అంతే.
ఇంత సన్నటి దాన్లో ఊరి జనాభా అంతా పట్టిందంటే
నమ్మాలో వద్దో.

మేకతోలు మెత్తన, మూలల్ని కాయదు.
ముసలి గేదె తోలు మొండిది, మడతకు లొంగదు.
అటక మీద ఒక దున్నదూడ తోలుంది.
మా మామ బతికున్నప్పుడు
తంగేడు చెక్క, కరక్కాయ పొడి వేసి
లందలో ఊరబెట్టి తీసింది.
ఎవరి కాలికీ కొయ్యబుద్ధిగాక దాచుకున్నా.
ఆ లంద పక్కన పోయేటప్పుడు
ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్న షావుకారు మనవడే
మొన్న నా దగ్గర బెల్టు కొని
వాసన చూసి, "ఒరిజినల్!" అన్నాడు.

దాని కొలతకు వేపచెక్క చెక్కి
తడితోలు తొడిగి
బొటనవేలితో అంచంచూ నొక్కుకుంటా పోయా.
వెనక కంటికి ఒక బెజ్జం.
కరెంటు తాగే నోటికి ఒక చీలిక.
మాట్లాడే చోట ఏడు చిల్లులు; ఎందుకు ఏడో నాకే తెలీదు,
చెయ్యి అక్కడ ఆగింది.
మైనం పూసిన దారం, రెండు సూదులు.
మూలలకు మాత్రం
బరువు మోసేవాళ్ల చెప్పు మడమకేసే జోడు కుట్టు.

మూడోనాడు వచ్చింది.
తొడిగితే, పండు మీద తొక్కలాగా కూచుంది.
"తాతా, నీ పింఛను కూడా ఇప్పుడే ఇచ్చేస్తా,
ఇదిగో, వేలు పెట్టు."

పెట్టా. ఎర్రలైటు.
సబ్బుతో కడుక్కొచ్చి పెట్టా. ఎర్రలైటు.
కొబ్బరినూనె రాసి, లుంగీకి తుడిచి,
ఎడం చెయ్యి, ఉంగరం వేలు...
పల్లెపోగు ఏసోబు ఎవరో దానికి తెలీదంట.
నలభయ్యేళ్లుగా ఆరె, రంపె, దారం
వంతులేసుకుని అరగదీసిన వేళ్లు.
తోలు గీరుతూ గీరుతూ
నా తోలు కూడా గీరేసుకున్నా కాబోలు.

"కంటి మిషను తెస్తాలే" అంది చిన్నబోయి.
"కంట్లో శుక్లం ఉందమ్మా" అన్నా.
ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆగిపోయింది.

అప్పుడు కవరు మూత తెరిచి చూసి
"ఇదేంది తాతా, ఇక్కడ సొట్ట?"

లోపలివైపు, కుట్టు పక్కనే.
తడిలో నొక్కిన బొటనవేలు.
గీత ఒక్కటి లేదు.
నడిమధ్య అడ్డంగా
పన్నెండో ఏట ఆరె దిగిన మచ్చ మాత్రం
పొల్లు పోకుండా పడింది.

"నీళ్లద్ది సాపు చేస్తా, ఇటివ్వు" అన్నా.
ఇవ్వలేదు.
తన వేలు ఆ గుంటలో పెట్టి చూసుకుంది కాసేపు.
ఆరువందలు నా ఒళ్లో పెట్టి
రేపు పొద్దున డాక్టరు చీటీ తీసుకుని రమ్మని చెప్పి
స్కూటీ తిప్పింది.

తెగిన చెప్పు చేత్తో పట్టుకుని
ఒంటికాలి మీద నిలబడున్నాడు ఒకాయన
అప్పటికి చాలాసేపట్నించీ.
"ఇటు తే అయ్యా" అన్నా.